లడ్డూకి లైన్ క్లియర్

నా కుడి చెయ్యి ఎడమ చెయ్యి కంటే కాస్త పొడుగు. నమ్మనివాళ్ళు మా ఇంటికొచ్చి కొలుచుకోవచ్చు, టేపు మాత్రం వాళ్ళే తెచ్చుకోవాలి. పుట్టుకతో వచ్చింది కాదిది. ముప్ఫై ఏళ్ళ పాటు భిలాయి స్టీల్ ప్లాంటు టౌన్‌షిప్ సెక్టర్లలో ఇంటింటికీ వెళ్ళి కుక్కల్ని నడిపించగా వచ్చింది. నడిపించడం అన్నది మర్యాద కోసం రాశాను. నిజానికి అవి లాగేవి, నేను వెనకాల వెళ్ళేవాణ్ణి. ఈమధ్య ఆ భుజం కీలు పూర్తిగా మొండికేసింది. డాక్టరు ఎక్స్‌రే ఫిల్ము వెలుతురుకి పట్టి చూసి, "ఏం పని చేస్తుంటారు?" అన్నాడు. చెప్పాను. "ఇక చెయ్యకండి" అన్నాడు. యాభై అయిదో ఏట నా పదవీ విరమణ అలా జరిగిపోయింది. దండ లేదు, శాలువా లేదు. వీడ్కోలు సభలో మాట్లాడవలసిన పెద్దలకి మాటలు రావు, ఉన్నవి తోకలే.

ఇప్పుడు మా ఊళ్ళో కొందరు కుర్రాళ్ళు ఈ పనిలోకి దిగారు. ఫోనులో వీడియోలు చూసి నేర్చుకుంటున్నారు, మెడలో విజిల్ వేసుకుని తిరుగుతున్నారు. వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. నా మాటల్లో ఉప్పూకారం కాస్త ఎక్కువే. నేనేం చెప్పినా సగానికి కోసుకుని వినమని మా ఆవిడ చుట్టాలందరికీ చెబుతుంది. మీరూ అలాగే వినండి.

"మేం శిక్షణ ఇచ్చేది కుక్కకి కాదు, ఇంట్లోవాళ్ళకి" అని ఈ వృత్తిలో ప్రతివాడూ అంటాడు. నేనూ చాలా ఏళ్ళు అన్నాను. కొత్త ఇంట్లో కుర్చీలో కూర్చుని ఆ మాట అంటే గంభీరంగా ఉంటుంది, టీతో పాటు రెండు బిస్కట్లు అదనంగా వస్తాయి. కానీ బీగిల్ ఉన్న ఇంట్లో అది చెల్లదు. అక్కడ కుక్కా వినదు, ఇంట్లోవాళ్ళూ వినరు.

మా గురూజీ జ్వరాలు

నాకు పని నేర్పిన గురూజీ ఛత్తీస్‌గఢీ మనిషి. పోలీసు కుక్కల దగ్గర పనిచేసి బయటికొచ్చాడు. ఆయన దగ్గితే అల్సేషియన్ కూర్చునేది, గొంతు సవరించుకుంటే పడుకునేది. ఒకసారి ఆయనకి నిజంగానే దగ్గు పట్టుకుంటే పాపం మైదానంలో కుక్కలన్నీ సాయంత్రం దాకా కూర్చుంటూ లేస్తూ అలిసిపోయాయి. అంతటివాడికి, ఎవరైనా బీగిల్‌ని తెస్తున్నారని కబురు వచ్చిందంటే చాలు, ఒళ్ళు వెచ్చబడేది. నన్ను పంపించి తను దుప్పటి కప్పుకునేవాడు.

"ఏ హ కుకుర్ నోహయ్ బాబూ, నాక్ హవయ్" అనేవాడు. ఇది కుక్క కాదు బాబూ, ముక్కు అని. దేవుడు ఒక ముక్కు చేసి, దానికి నాలుగు కాళ్ళూ రెండు పెద్ద చెవులూ తగిలించి వదిలేశాడట. చెవులు వినడానికి కాదు, అందానికి.

సెక్టర్ 7లో ఒక బీగిల్ ఉండేది. పవర్ హౌస్ బజార్లో ఎవరో చేపలు వేయిస్తుంటే ఇంట్లో పడుకున్నది కాస్తా లేచి, గోడ దూకి, అంత దూరం వెళ్ళి, తిని, షేర్ ఆటోలో తిరిగొచ్చింది. తన వీధి మలుపు రాగానే దిగిపోయిందట. నేను చూడలేదు, ఆటోవాడు చెప్పాడు. ఆటోవాడికి అబద్ధం చెప్పాల్సిన అవసరమేముంది?

జనం బీగిల్‌ని ఎందుకు కొంటారో నాకు బాగా తెలుసు. చిన్నగా ఉంటుంది, కళ్ళు పెద్దవి, చెవులు వేలాడుతుంటాయి, పిల్లలు పీకినా కరవదు. ఇదంతా నిజమే. క్వార్టర్లో ఒక మూల పడి ఉంటుంది అన్నదే నిజం కాదు. కుందేళ్ళ వెంట పొలాలన్నీ తిరగడానికి పుట్టిన జాతి అది. తెల్లారగానే ఎండెక్కక ముందు ఒకసారి, పొద్దు వాలాక ఒకసారి ఒళ్ళలిసేలా తిప్పాలి. పట్టీ విప్పారా, వాసన పట్టుకుని పోయి రేపు ఏ పొరుగూరు కుమ్హారిలోనో తేలుతుంది. చెత్తబుట్టకి మూతా, ఆ మూత మీద రాయీ ఉండాలి. ఒంటరిగా వదిలేస్తే మొరగదు, రాగం తీస్తుంది. ఆ రాగం వినలేనివాళ్ళు బీగిల్‌ని పెంచవద్దు. ఇది నేను మొహమాటం లేకుండా చెప్పే మాట. దీనివల్ల కొన్ని ఇళ్ళలో నాకు టీ కూడా ఇవ్వలేదు.

సెక్టర్ 4లో సిలిండరు

చాలా కుక్కల్ని చూశాను కానీ, ఈ వృత్తి ఏమిటో నాకు పూర్తిగా అర్థం చేయించింది లడ్డూ. సెక్టర్ 4లో కింది క్వార్టరు వాళ్ళ బీగిల్. పిలిచింది ఇంటావిడ కుమారిగారు, ఒక నర్సింగ్ హోమ్‌లో నర్సు. భర్త సూర్యనారాయణ ప్లాంటులో, పట్టాలు తయారయ్యే మిల్లులో పనిచేస్తాడు. ఇద్దరివీ వారం వారం మారే షిఫ్టులే. ఎనిమిదో తరగతి చదివే పింకీ, టెక్కలి వైపు నుంచి ఎప్పుడో వచ్చి ఇక్కడే ఉండిపోయిన సూర్యనారాయణ తల్లి సింహాచలమ్మగారు, అంతే ఇల్లు.

నేను వెళ్ళేసరికి వరండా ముందు గ్యాస్ సిలిండర్ ఒకటి అడ్డంగా పడి ఉంది. దాటబోతే అది తోక ఊపింది.

"వీడేనండి లడ్డూ" అంది కుమారిగారు.

వరండాకి మూడే మెట్లు. లడ్డూ మొదటి మెట్టు మీద గడ్డం ఆనించి, మిగతా శరీరాన్ని ఎవరైనా తెచ్చిపెడతారేమోనని చూస్తున్నాడు. సూర్యనారాయణ వచ్చి బియ్యం బస్తాని ఎత్తినట్టు ఎత్తి లోపల పెట్టాడు.

"పశువుల డాక్టరుగారు చూసి తిట్టారు మాస్టారూ. ఇలాగే ఉంటే నడుమూ గుండే రెండూ పోతాయన్నారు. మేం పెట్టేది రెండు పూటలే. కొలిచి పెడతాం. ఒట్టు" అంది కుమారిగారు.

"ఎవరు పెడతారమ్మా?"

"ఎవరుంటే వాళ్ళు."

కుర్రాళ్ళూ, ఏ ఇంట్లోనైనా ఈ మాట వినబడితే వెంటనే చెవులు నిక్కించండి.

కుమారిగారు ఏడవలేదు. డ్యూటీలో చెప్పినట్టే చెప్పింది. "నేను రోజూ రోగుల్ని చూస్తానండి. వీడు ఈ ఇంట్లో ఉంటే బతకడు. మా తమ్ముడు శంకర్రావుకి కుమ్హారిలో కోళ్ళ ఫారం ఉంది. స్థలం ఉంది, పరిగెడతాడు. వచ్చే నెల మొదటి ఆదివారం బండి తెస్తానన్నాడు."

బీగిల్‌ని కోళ్ళ ఫారానికి పంపడమంటే నక్కని ఇల్లరికం తెచ్చుకోవడమే. కానీ ఆ సమయంలో ఆ మాట అనలేకపోయాను, ఎందుకంటే పింకీ నా చొక్కా పట్టుకుని లాగుతోంది.

"మాస్టర్ అంకుల్, ఆప్ బోలో నా మమ్మీకో. లడ్డూ కహీ నహీ జాయేగా. వాడు వెళ్తే నేను అన్నం తినను. సచ్చీ."

లోపలి గుమ్మం దగ్గర సింహాచలమ్మగారు మొహం అటు తిప్పుకుని వత్తులు చేసుకుంటోంది. "పంపీమ్మా, పంపీ. ఆ ఒళ్ళు సూడు. కుక్కేటది, దున్నేటి? మా ఊర్లో కుక్కలకి మనం ఏటైనా పెట్టినామా? ఆటి తిండి ఆయే ఎతుక్కునేవి."

సూర్యనారాయణ లడ్డూ చెవి రెండు వేళ్ళ మధ్య పెట్టుకుని రాస్తూ కూర్చున్నాడు, ఆ చెవి రేపట్నుంచి ఉండదేమో అన్నట్టు.

"ఆ ఆదివారానికి వీడంతట వీడు ఈ మూడు మెట్లూ ఎక్కితే?" అని అడిగాను.

కుమారిగారు మెట్ల వంక చూసింది. "ఎక్కితే ఉంటాడు. ఎక్కకపోతే కుమ్హారి. నేను మాట మార్చను మాస్టారూ, మార్చమని మీరూ అడక్కండి."

కుర్చీ పని

మన వృత్తిలో ముఖ్యమైన పరికరం పట్టీ కాదు, విజిల్ కాదు. కుర్చీ. కొత్త కేసు వస్తే కుక్కని ముట్టుకోకండి. ఒక రోజంతా ఆ ఇంట్లో కుర్చీ వేసుకుని, పేపరు అడ్డం పెట్టుకుని కూర్చోండి. మొదట్లో మీరున్నారని అందరూ జాగ్రత్తగా ఉంటారు. కాసేపటికి మిమ్మల్ని కూడా సామానులో కలిపేస్తారు. అప్పుడు మొదలవుతుంది అసలు సంగతి.

ఆ రోజు సూర్యనారాయణది నైటు షిఫ్టు, కుమారిగారిది పొద్దుటి డ్యూటీ. ఆవిడ బయల్దేరే ముందు కుక్క తిండి గింజలు కొలిచి పెట్టింది. లడ్డూ తిన్నాడు. ఆవిడ గిన్నె కడిగి బోర్లించి వెళ్ళింది. అంతా పద్ధతిగా ఉంది. లడ్డూ తృప్తిగా త్రేన్చి పడుకున్నాడు.

వీధి మలుపులో స్కూటరు చప్పుడైంది. లడ్డూ ఒక కన్ను తెరిచాడు. లేచాడు, గిన్నెని ముక్కుతో తిరగేశాడు, దాని పక్కన కూలబడి, పొట్ట లోపలికి పీల్చి, ముందు కాలొకటి కుంటిదానిలా ముడుచుకున్నాడు. నైటు షిఫ్టు దిగి వచ్చిన సూర్యనారాయణ గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఏట్రా, ఎవులూ పెట్టలేదా నీకు? ఈ ఇంట్లో నేను తప్ప నీకు దిక్కు లేదు కదరా!" టిఫిన్ డబ్బాలో మిగిలిన చపాతీలూ కూరా గిన్నెలోకి వెళ్ళాయి. తర్వాత గిన్నె కడిగి బోర్లించాడు. ఆ ఇంట్లో అందరూ శుభ్రమైన మనుషులు. అక్కడే వచ్చింది తంటా అంతా. తిన్న ఆనవాలు ఎక్కడా ఉండేది కాదు.

స్కూలుకి వెళ్తూ పింకీ: "జల్దీ ఖా లే లడ్డూ, మామ్మ చూస్తే తిడుతుంది." సగం పరాఠా. పింకీ కోసం కాలు కుంటలేదు, నాలుక బయటికి వేలాడేసి పడుకున్నాడు. ఎవరికి ఏ నాటకమో వాడికి తెలుసు.

మధ్యాహ్నం ఇల్లు సద్దుమణిగింది. సూర్యనారాయణ గురక పెడుతున్నాడు. సింహాచలమ్మగారు వంటింట్లోంచి తొంగిచూసింది. పేపరు వెనక నేను కళ్ళు మూసుకున్నాను. లడ్డూ వెళ్ళి దేవుడి గూటి ముందు తల వంచుకుని కూర్చున్నాడు. ముందు కాళ్ళు రెండూ జోడించాడని కూడా అంటాను నేను, మీరు సగానికి కోసుకుంటే కనీసం ఒక కాలైనా మిగులుతుంది.

"ఓలమ్మ, ఎంత బత్తిరా నీకు!" అని ఆవిడ గొంతు తగ్గించింది. "పొద్దున్న తిట్టినానని అలిగినావేటి? నా నోరలాటిది, మనసు కాదు." చేపల పులుసుతో అన్నం కలిపి, ముల్లు ముల్లూ ఏరి, ముద్దలు చేసి పెట్టింది. "దిక్కుమాలినోడా, నమిలి తిను. గొంతుకడ్డం పడిపోద్ది."

తర్వాత డ్యూటీ దిగి కుమారిగారు వచ్చింది. గిన్నె తళతళలాడుతోంది. మొగుడు నిద్రపోయి మర్చిపోయాడనుకుంది, మళ్ళీ కొలిచి పెట్టింది. స్కూలు నుంచి పింకీ వచ్చింది. నిద్ర లేచి సూర్యనారాయణ వచ్చాడు. నేను మధ్యలో లెక్క మానేశాను.

సాయంత్రం వేళ పై క్వార్టరులోంచి ప్రార్థన గీతం వినబడింది. పైన ఉండేది ప్రకాశంగారు, రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు, కూతురికి ప్లాంటులో ఉద్యోగం కాబట్టి ఇక్కడుంటారు. పాట రెండో చరణంలోకి రాగానే లడ్డూ మొహం ఆకాశంలోకి ఎత్తి రాగం అందుకున్నాడు. పాట ఆగింది. పై బాల్కనీలోంచి తాడు కట్టిన కూరల బుట్ట ఒకటి మెల్లగా కిందికి దిగింది. అందులో రెండు బ్రెడ్డు ముక్కలూ ఒక ఆమ్లెట్టూ ఉన్నాయి. లడ్డూ రాగం ఆపి భోంచేశాడు. బుట్ట పైకి వెళ్ళింది. పాట మళ్ళీ మొదలైంది.

పంచాయతీ

ఆ సాయంత్రమే అందర్నీ వరండాలో కూర్చోబెట్టి చూసిందంతా చెప్పాను. వెంటనే అందరూ ఒకేసారి మాట్లాడారు.

"నానా? ముట్టుకోను కూడా ముట్టుకోను నాను!" అంది సింహాచలమ్మగారు.

"మామ్మా, ఝూఠ్! లడ్డూ మూతి దగ్గర రోజూ చేపల వాసన వస్తుంది" అంది పింకీ.

"నువ్వు నోర్ముయ్. నీ పరాఠా సంగతేటి?"

"మీరెవరూ పెట్టలేదనే కదా నేను మళ్ళీ కొలిచి పెట్టేది!" అంది కుమారిగారు.

"నువ్వు కొలిచి ఎన్నిసార్లు పెట్టినావో అడుగు మాస్టార్ని" అన్నాడు సూర్యనారాయణ, అప్పటిదాకా మాట్లాడనివాడు.

గోలకి ప్రకాశంగారు పైనుంచి దిగొచ్చారు. తెల్ల లుంగీ, ఇస్త్రీ చొక్కా. బుట్ట సంగతి నేను మర్యాదగానే ఎత్తాను.

"ఎక్స్‌క్యూజ్ మీ. నేను దానికి తిండి పెట్టలేదండి. సైలెన్స్ కొనుక్కున్నాను" అన్నారాయన.

"రోజూ కొనడం మొదలెట్టాకే అమ్మకం పెరిగింది సార్. పాడితే బుట్ట దిగుతుందని వాడికి తెలిసిపోయింది" అన్నాను.

ఆయన లడ్డూ వంక చూశారు. లడ్డూ ఆయన చేతుల వంక చూశాడు. బుట్ట లేదు.

నేను అలవాటైన మందు రాశాను. ఇంట్లో ఒక్కరే పెట్టాలి. కానీ ఆ ఒక్కరు ఎవరు? ఈ వారం పొద్దున ఉన్నవాళ్ళు వచ్చే వారం ఉండరు. సరే, పెట్టినవాళ్ళు తలుపుకి ఎర్రగుడ్డ కట్టండి, గుడ్డ ఉంటే రెండోవాళ్ళు పెట్టకండి అన్నాను. మర్నాడు సూర్యనారాయణ గుడ్డ చూసి, నిన్నటిది విప్పలేదనుకుని పెట్టాడు. పింకీ చూసి కూడా పెట్టింది. సింహాచలమ్మగారు గుడ్డ ఉతికి ఆరేసింది. ఆ మర్నాడు లడ్డూ ఆ గుడ్డని తిన్నాడు.

ఇది విని ప్రకాశంగారు నవ్వలేదు. ముప్ఫై ఏళ్ళు గూడ్సు బండి వెనక డబ్బాలో కూర్చున్న మనిషి ఆయన, తొందరపడి నవ్వడు.

"ఎర్ర సిగ్నల్ ఎంత పెద్దదైనా ఎవడో ఒకడు దాటుతాడు మాస్టారూ. మా రోజుల్లో సింగిల్ లైన్ మీద ఎదురెదురుగా రెండు బళ్ళు రాకుండా ఏం చేసేవారో తెలుసా? స్టేషన్లో ఒక పెట్టె, అందులోంచి ఒక ఇనప గుండు వస్తుంది. టోకెన్ అంటారు. ఒక్కటే వస్తుంది. అది డ్రైవరు చేతిలో పడితేనే బండి కదులుతుంది. ఆలస్యమైనా సరే, బండిలో మంత్రిగారున్నా సరే, గుండు లేందే చక్రం తిరగదు."

"మా మిల్లులోనూ అంతే" అన్నాడు సూర్యనారాయణ. "తర్వాతి షిఫ్టు రిలీవర్ ఒచ్చి ఛార్జి తీసుకోకుండా మేం కదలం."

నేను కుర్చీలోంచి లేచాను. ముప్ఫై ఏళ్ళుగా పట్టీలూ బిస్కట్లూ పట్టుకు తిరుగుతున్నాను. ఇంట్లో ఒకాయన పట్టాలు చేస్తాడు, పైనున్నాయన వాటి మీద గార్డుగా తిరిగాడు. మందు వాళ్ళ దగ్గరే ఉంది.

గ్లాసు

సింహాచలమ్మగారి కాఫీ గ్లాసు, ఇత్తడిది, ఎప్పుడో ఊరి నుంచి తెచ్చుకున్నది, టోకెన్ అయింది. గింజలు ఇనప్పెట్టెలో పడ్డాయి. కొలిచేది ఆ గ్లాసుతోనే, పెట్టేది గ్లాసు చేతిలో ఉన్నవాళ్ళే. పెట్టాక గ్లాసు కింద పెట్టకూడదు. తర్వాతి పూట ఎవరిదో వాళ్ళ చేతిలో పెట్టి, "లడ్డూ తిన్నాడు, తర్వాతది నీది" అని నోటితో చెప్పాలి. గ్లాసున్న మనిషి బయటికి వెళ్తే గ్లాసూ వెళ్ళాలి. గ్లాసు లేనివాళ్ళు, కుక్క ప్రాణం పోతున్నట్టు నటించినా సరే, మొహం తిప్పుకోవాలి.

అలా ఆ గ్లాసు సూర్యనారాయణ సంచిలో మిల్లుకి వెళ్ళింది, పింకీ బ్యాగులో స్కూలుకి వెళ్ళింది, కుమారిగారితో వార్డుకి వెళ్ళింది. వార్డులో ఒక ముసలాయన అది మందు గ్లాసనుకుని, తనకీ ఆ ఇత్తడి మందే కావాలని పేచీ పెట్టాడట.

మొదటి వారం గురించి కొత్తవాళ్ళకి ఎవరూ చెప్పరు. నేను చెబుతాను. ఏ చెడ్డ అలవాటైనా పోయే ముందు ఒకసారి పెద్దగా రంకెలు వేస్తుంది. లడ్డూ రాగం విని వీధి చివర నుంచి ఎవరు పోయారని పరామర్శకి వచ్చారు. సబ్బు తిన్నాడు. సూర్యనారాయణ మిల్లు చేతొడుగు ఒకటి తిన్నాడు, రెండోది దాచుకున్నాడు. పైన పాట మొదలైతే బాల్కనీ కింద నిలబడి గొంతు చించుకున్నాడు. ప్రకాశంగారు కళ్ళు మూసుకుని, బుట్ట మీద కూర్చుని పాడారు. ఆ వారాన్ని దాటించడమే మన ఉద్యోగం. మిగతా అంతా విజిల్.

నన్నూ వదల్లేదు. శిక్షణలో ముక్క ముక్క పెట్టడానికి జేబులో బిస్కట్లు ఉంచుకోవడం నా అలవాటు. గేటు దగ్గరే సింహాచలమ్మగారు ఆపింది.

"మాస్టారూ, జేబులో ఏటి?"

"బిస్కట్లండి. నేర్పడానికి."

"గ్లాసుందేటి నీ సేతిలో?"

జేబు తిరగేసి దులిపి చూపించాక గానీ లోపలికి రానివ్వలేదు. ఈ వృత్తిలో ఇంతకంటే గట్టి శిష్యురాలు నాకు దొరకలేదు.

నడక బాధ్యత ప్రకాశంగారు తీసుకున్నారు. తెల్లారగట్ల, సాయంత్రం, పట్టీ పట్టుకుని లడ్డూ వెనక నాలుగడుగుల దూరంలో, గార్డు డబ్బాలో ఉన్నట్టే నడిచేవారు. మొదట వీధి చివర దాకా, తర్వాత మైదానం చుట్టూ. మెల్లగా సిలిండర్‌కి నడుము కనబడింది. ఒకరోజు మొదటి మెట్టెక్కాడు, పింకీ వీధంతా వినబడేలా అరిచింది. ఇంకొన్నాళ్ళకి రెండోదీ ఎక్కాడు.

మూడోది ఎక్కలేదు. శనివారం సాయంత్రం దాకా రెండో మెట్టు మీద కూర్చుని, పైకి చూసి, మా అందరి మొహాలూ చూసి, మళ్ళీ దిగిపోయేవాడు. ఎవరైనా ఎత్తుతారని వాడి నమ్మకం.

"అమ్మా, రెండు ఎక్కాడు కదా" అన్నాను కుమారిగారితో.

"మెట్లు మూడండి" అంది. చూపు పక్కకి తిప్పుకుంది, మాట మాత్రం మారలేదు. "పింకీ, లడ్డూ దుప్పటి మడత పెట్టి ఉంచు."

సూర్యనారాయణ ఆ రాత్రి నైటు షిఫ్టుకి అన్నం తినకుండా వెళ్ళాడు.

కుమ్హారి బండి

ఆదివారం పొద్దున్న శంకర్రావు పికప్ వ్యాను వచ్చింది. పవర్ హౌస్ బజార్లో కోళ్ళు దింపేసి అట్నుంచి అటే వచ్చాడు. వెనక ఖాళీ బుట్టలు, ఒక బుట్టలో అమ్ముడవని రెండు కోళ్ళు. వ్యాను వెనక తలుపు దింపి, "బావా, ఏడీ కుక్క?" అన్నాడు.

సింహాచలమ్మగారు ఇంట్లో లేదు. కుక్క వెళ్ళిపోవడం చూడలేనని కాదట, కూరగాయలు అయిపోయాయని పొద్దున్నే ఆటోలో పవర్ హౌస్ వెళ్ళింది. ఆ పూట గ్లాసు ఆవిడది. గ్లాసూ వెళ్ళింది.

లడ్డూ మెట్ల కింద నిలబడ్డాడు. మెట్ల పైన కుమారిగారు. పింకీ దుప్పటి గుండెకి హత్తుకుని గోడకి ఆనుకుంది. బాల్కనీలో ప్రకాశంగారు. నైటు షిఫ్టు దిగి వచ్చిన సూర్యనారాయణా, నేనూ గేటు దగ్గర.

"రా లడ్డూ. ఎక్కు" అంది కుమారిగారు. చేతులు చాపలేదు, పిలిచింది అంతే.

లడ్డూ మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు. అంతలో గాలి వ్యాను వైపు నుంచి వీచింది. ముక్కు అటు తిరిగింది, ముక్కు వెనకాల మిగతా కుక్క తిరిగింది. మెట్టు దిగాడు, గేటు దాటాడు. మేం అరిచే లోపు పరుగు అందుకుని ఒక్క గెంతు గెంతాడు. నా నడుము ఎత్తుండే వ్యాను మీద, కోళ్ళ బుట్ట పక్కన, తోక ఊపుతూ నిలబడ్డాడు.

దీన్ని సగానికి కొయ్యకండి. ఇది నేను చూశాను.

ముందుగా శంకర్రావే తేరుకుని అక్క వైపు తిరిగాడు. "అప్పా! ఎక్కీసినాడే! ఆడంతట ఆడే ఎక్కీసినాడు. మరి తోలుకుపోనా?"

పింకీ దుప్పటిలో మొహం దాచుకుంది. కుమారిగారు మెట్లు దిగి వచ్చింది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు, రెండూ చేస్తున్నట్టుంది.

"ఒరేయ్ శంకరం, మూడు మెట్లు ఎక్కలేనివాణ్ణి కదరా నేను పంపుతానన్నది. వీడు బండెక్కాడు. బండెక్కినవాణ్ణి ఎలా పంపుతాను?"

"అయితే దింపుకో మరి" అన్నాడు శంకర్రావు. "నా కోళ్ళకి ఊపిరి ఆడతన్నట్టు లేదు."

దింపడం వేరే కథ అయింది. సూర్యనారాయణ ఎత్తబోతే లడ్డూ ఇనుముకి ఇనుము అతికినట్టు వ్యానుకి అతుక్కుపోయాడు. పింకీ బిస్కట్ కోసం లోపలికి పరిగెత్తబోయింది.

"టోకెన్!" అని బాల్కనీలోంచి ప్రకాశంగారు గర్జించారు. "టోకెన్ లేకుండా ఎవరూ కదలొద్దు! ఇన్నాళ్ళు పడ్డదంతా పాడు చెయ్యొద్దు!"

అందరం నిలబడ్డాం. శంకర్రావు బుట్టకి చేతులు అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. బుట్ట ఈనెల మధ్య నుంచి లడ్డూ ముక్కు దూరిన చోటల్లా కోళ్ళు కేకలు పెడుతున్నాయి. ఆటో వచ్చేసరికి వీధిలో సగం మంది పోగయ్యారు.

సింహాచలమ్మగారు సంచితో దిగింది. జనాన్నీ, వ్యానునీ, దాని మీద కుక్కనీ చూసింది. మొహం నల్లబడింది. "ఎక్కించీసినారేటి అప్పుడే? నాను ఒచ్చే దాకా ఆగలేరేటి?"

"ఎవులూ ఎక్కించలేదమ్మా. ఆడే గెంతినాడు" అన్నాడు సూర్యనారాయణ. "ఇంక ఎల్లడు. ఉంటాడు."

ఆవిడ రెండుసార్లు అడిగి నిజమేనని తేల్చుకుంది. తర్వాత సంచిలోంచి గ్లాసు తీసి, తిండి పెట్టే ముందు రోజూ చేసినట్టే ఉంగరం వేలితో ఒక్కసారి కొట్టింది.

లడ్డూ కోళ్ళ వంక చూశాడు. గ్లాసు వంక చూశాడు. ముక్కు అటొకసారి, ఇటొకసారి. బహుశా కోళ్ళ బుట్ట తెరుచుకోదనీ, ఈ గ్లాసు తప్పకుండా నిండుతుందనీ వాడికి తెలిసి ఉంటుంది. నేను దీన్ని ప్రేమ అని రాయను, ఇంతకాలం ఈ పని చేసిన మనిషిని. కానీ వాడు దూకి, జనం కాళ్ళ మధ్య నుంచి ఆవిడ కొంగు పట్టుకున్నట్టే వెనకాల వెళ్ళి, మూడు మెట్లూ గబగబా ఎక్కి లోపలికి పోయాడు. ఆ సందడిలో ఎవరూ చూడలేదు. కుమారిగారు చూసింది. వచ్చి ఆ మూడో మెట్టు మీద కూర్చుండిపోయింది.

శంకర్రావు కోళ్ళని పరీక్షగా చూసుకుని, వ్యాను తలుపు బిగించాడు. "మరి నేనెల్తానప్పా."

"భోంచేసి వెళ్ళరా. ఎండలో వచ్చావు."

"ఒద్దులేవే. మీ ఇంట్లో ముద్ద తినాలంటే గ్లాసు ఎవల దగ్గరున్నాదో కనుక్కోవాల. కుమ్హారి పోయి తినీస్తాను."